తెలుగు వ్యాసాల సైటుకు ఏ సీఎంఎస్? ముందు బయటికొచ్చే దారి చూసుకోవాలి

2004 మే నెలలో సిక్స్ అపార్ట్ అనే అమెరికన్ కంపెనీ రాసినవాటిని వెబ్‌లో పెట్టి నిర్వహించుకునే తన మూవబుల్ టైప్ సాఫ్ట్‌వేర్ (ఇలాంటివాటినే సీఎంఎస్, అంటే కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అంటారు) 3.0 వెర్షన్‌ను తెస్తూ లైసెన్సు షరతులు మార్చేసింది. ఉచితంగా వాడుకునేవాళ్లు ఇంతమంది రచయితలకు, ఇన్ని సైట్లకు మించకూడదని పరిమితి పెట్టి, అది దాటితే డబ్బు కట్టమంది. సొంతంగా రాసి వెబ్‌లో ప్రచురించుకునేవాళ్లలో అప్పటికి చాలామంది దాని మీదే ఆధారపడి ఉన్నారు. పెద్ద గొడవే అయింది. ఆ కోపంలో ఎంతోమంది అప్పటికి ఏడాది వయసు మాత్రమే ఉన్న వర్డ్‌ప్రెస్ అనే మరో సీఎంఎస్‌కు మారిపోయారు. మాట్ మల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ 2003 మేలో విడుదల చేసిన ఆ వర్డ్‌ప్రెస్ కూడా గాల్లోంచి ఊడిపడలేదు. బీ2 అనే ప్రోగ్రామును తయారుచేసిన మనిషి దాన్ని పట్టించుకోవడం మానేస్తే, ఆ కోడు తీసుకుని బాగుచేసి నిలబెట్టినదే ఇది.

అన్ని సైట్లు అలా మారగలగడానికి కోపం ఒక్కటే చాలలేదు. మూవబుల్ టైప్‌లో రాసినవన్నీ ఒక మామూలు టెక్స్ట్ ఫైలుగా దించుకునే వీలుంది. ఆ ఫైలును చదివి లోపలికి తెచ్చుకునే ఏర్పాటు వర్డ్‌ప్రెస్‌లో ఉంది. ఈ రెండూ లేకపోతే కోపమొచ్చినా కడుపులో పెట్టుకుని డబ్బు కట్టాల్సి వచ్చేది.

వ్యాసాల సైటు పెట్టాలనుకునేవాళ్లు మొదట అడిగేది "ఏ సీఎంఎస్ బాగుంటుంది?" అని. నిజానికి అంతకంటే ముందు అడగాల్సింది "ఐదేళ్ల తర్వాత ఇందులోంచి ఎలా బయటపడతాం?" అని. ఎందుకంటే వ్యాసాలు సాఫ్ట్‌వేర్ కంటే ఎక్కువకాలం బతుకుతాయి. అమెరికాలోని తెలుగువాళ్లు 1998లో మొదలుపెట్టిన ఈమాట పత్రికనే చూడండి. అది పుట్టేనాటికి వర్డ్‌ప్రెస్ లేదు, ద్రూపల్ అనే ఇంకో సీఎంఎస్ లేదు, మామూలు విండోస్ కంప్యూటర్లో యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి కోడు) తెలుగు కనిపించే ఏర్పాటే లేదు. ఇంతకాలం నడవాలనుకునే సైటు ఏదైనా మధ్యలో ఒకటి రెండుసార్లు ఇల్లు మారక తప్పదు. కాబట్టి ఏ సాఫ్ట్‌వేర్‌లో ఎన్ని హంగులున్నాయన్న లెక్క కంటే, వ్యాసాన్ని అది ఏ రూపంలో దాచుతుంది, తెలుగుతో ఎలా మసలుకుంటుంది, రోజూ దాని ముందు కూర్చునేది ఎవరు అన్నవే చూడాలి.

ఒక వ్యాసం వెంట ఏమేం వస్తాయి

ఓ మరాఠీ వ్యాసానికి తెలుగు అనువాదం వచ్చిందనుకుందాం. మూల రచయిత ఒకరు, అనువాదకులు ఒకరు, పైన చిన్న పరిచయం రాసిన సంపాదకులు మరొకరు. మొదట ఏ అచ్చు పత్రికలో ఎప్పుడు వచ్చిందో చెప్పే వాక్యం ఒకటి. పది పన్నెండు ఫుట్‌నోట్లు, ఒక పట్టిక, రెండు బొమ్మలు. మూడు భాగాల్లో ఇది రెండోది. చూడ్డానికి మామూలు వ్యాసమే. కానీ దీన్ని సరిగ్గా దాచుకోగల సీఎంఎస్‌లు అనుకున్నన్ని లేవు.

వర్డ్‌ప్రెస్ సంగతి చూద్దాం. దాని దృష్టిలో ఒక వ్యాసానికి రచయిత ఒక్కరే. ఆ ఒక్కరూ సైటులో ఈమెయిలుతో ఖాతా ఉన్నవాళ్లై ఉండాలి. ముప్ఫై ఏళ్ల క్రితం చనిపోయిన మూల రచయితకు ఈమెయిలు ఎక్కడినుంచి తేవాలి? చాలా సైట్లు చేసే పని ఏమిటంటే, సంపాదకుడి ఖాతాతోనే అన్నీ పెట్టేసి, అసలు రచయిత పేరును శీర్షిక కింద ఒక వాక్యంగా టైపు చేయడం. ఆ రోజుకు పని జరిగిపోతుంది. నాలుగేళ్ల తర్వాత ఫలానా రచయిత రాసినవన్నీ ఒకచోట చూపించాలంటే మాత్రం దారి ఉండదు, ఎందుకంటే ఆ పేరు సమాచారంగా ఎక్కడా నమోదు కాలేదు, వ్యాసంలో ఒక ముక్కగా మాత్రమే ఉండిపోయింది. కో ఆథర్స్ ప్లస్ వంటి ప్లగిన్‌తో (అదనపు పనుల కోసం తగిలించుకునే చిన్న ప్రోగ్రాముతో) అతిథి రచయితల పేజీలు పెట్టుకోవచ్చు. లేదా వర్గాలు, ట్యాగులు ఉన్నట్టే "రచయిత", "అనువాదకులు" అని విడి వర్గీకరణలు చేయించుకోవచ్చు. ఏ ప్లగిన్ మీదా ఆధారపడదు కాబట్టి రెండోదే మేలు. ప్రోగ్రామింగ్ తెలిసినవాళ్లకు అది గంటసేపు పని.

ద్రూపల్‌లో ఈ బాధ లేదు. రచయితను ఒక విడి రకం పేజీగా పెట్టుకుని వ్యాసాన్ని దానికి ముడివేయడం అందులో మామూలుగా చేసే పని. సంచిక, ధారావాహిక, మూల పత్రిక అన్నిటికీ గళ్లు పెట్టుకోవచ్చు. ఘోస్ట్ అనే మరో సీఎంఎస్‌లో ఒక వ్యాసానికి ఇద్దరు ముగ్గురు రచయితలను పెట్టడం మామూలుగానే కుదురుతుంది గానీ, వాళ్లంతా సైటు సిబ్బందిగా ఖాతాలున్నవాళ్లే అయి ఉండాలి. సొంత గళ్లు పెట్టుకునే వీలు అందులో లేదు. వర్గీకరణకు ట్యాగులు తప్ప మరేమీ లేవు.

ట్యాగుల విషయంలో తెలుగుకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఒకరు "పోలవరం ప్రాజెక్టు" అని కొడతారు, ఇంకొకరు "పోలవరం ప్రాజెక్ట్" అంటారు, మూడోవారు "పోలవరం"తో సరిపెడతారు. సీఎంఎస్‌కు ఇవి మూడు వేర్వేరు ట్యాగులు, మూడు వేర్వేరు పేజీలు. పేర్ల పొడి అక్షరాల మధ్య చుక్క పెట్టడం, పెట్టకపోవడం, ఖాళీ వదలడం దగ్గరా ఇదే వరస. రాసేవాళ్లెవరికీ కొత్త ట్యాగు సృష్టించే అధికారం ఇవ్వకుండా, ఉన్నవాటిలోంచి ఎంచుకునేలా కట్టడి చేసుకోవాలి. కొంచెం కఠినంగా కనిపించినా ఇది తప్పదు.

తెలుగు దగ్గర తేడా కొట్టేవి

సీఎంఎస్‌లను పోల్చే ఇంగ్లిష్ వ్యాసాలు వందలున్నాయి. వాటిలో దేంట్లోనూ దొరకని సంగతులు ఇక్కడ మొదలవుతాయి.

మొదటిది లింకు. యూనికోడ్‌లో ప్రతి తెలుగు అక్షరం, ప్రతి గుణింతపు గుర్తు, ప్రతి పొల్లు, అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లు తీసుకుంటాయి. అదే లింకులోకి వెళ్లినప్పుడు ఒక్కో బైటు ఒక శాతం గుర్తు (%), రెండు అంకెలో అక్షరాలో కలిసిన మూడు గుర్తులుగా మారుతుంది. అంటే ఒక్కో తెలుగు గుర్తుకు తొమ్మిది. "తెలుగు" అనే చిన్న మాటలో ఆరు గుర్తులుంటే లింకులో అది 54 అవుతుంది. వాట్సాప్‌లో పంపిన తెలుగు లింకు ఒక్కోసారి కొండవీటి చాంతాడులా ఎందుకు వస్తుందో ఇప్పుడు అర్థమవుతుంది.

అసలు సమస్య పొడవు కాదు. వర్డ్‌ప్రెస్ డేటాబేసులో వ్యాసం చిరునామాకు కేటాయించిన గడి 200 గుర్తులకే పరిమితం. శీర్షిక నుంచి చిరునామా తయారుచేసేటప్పుడే వర్డ్‌ప్రెస్ 200 దగ్గర కోసేస్తుంది. ఇంగ్లిష్ శీర్షికకు అది ధారాళంగా సరిపోతుంది. తెలుగుకు 22 గుర్తులకు మించి రావు. "కృష్ణా డెల్టాలో కాలువల చరిత్ర" అని శీర్షిక పెట్టి చూస్తే చిరునామా "కృష్ణా-డెల్టాలో-కాలువల-చ" దగ్గర ఆగిపోతుంది. చరిత్రలో "చ" మిగిలింది, మిగతాది పోయింది. లింకు పనిచేస్తుంది కాబట్టి ఎవరూ గమనించరు. గమనించేసరికి వందల వ్యాసాలు ఇలా మొండి చిరునామాలతో ఉంటాయి.

గూగుల్ ఉచితంగా ఇచ్చే బ్లాగర్ దీన్ని ఇంకోలా తేలుస్తుంది. శీర్షిక పూర్తిగా తెలుగులో ఉంటే దాన్ని పక్కన పెట్టేసి చిరునామాను బ్లాగ్-పోస్ట్ అనీ, ఆ తర్వాత వాటికి పక్కన అంకె తగిలించీ ఇచ్చేస్తుంది. మనమే చిరునామా రాసుకుందామన్నా రోమన్ అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులు తప్ప ఒప్పుకోదు.

వీటన్నిటికీ మందు ఒకటే. ప్రతి వ్యాసానికీ రోమన్ అక్షరాల్లో మూడు నాలుగు మాటల చిరునామాను సంపాదకులే చేత్తో రాయాలి. తెలుగు సైటుకు తెలుగు లింకే ఉండాలన్న అభిమానం అర్థం చేసుకోదగ్గదే. బ్రౌజర్ పైన అది అందంగా కనిపిస్తుంది కూడా. కానీ సైటు మారేటప్పుడు, ఎవరైనా తమ వ్యాసంలో ఉటంకించేటప్పుడు, అచ్చు పుస్తకంలో వేసేటప్పుడు ఆ అభిమానం ఖరీదైనదని తేలుతుంది. పైగా ఒకసారి ఎంచుకున్న చిరునామాల పద్ధతి ఆ సీఎంఎస్ పోయాక కూడా మోయాలి, లేదంటే పాత లింకులన్నీ చస్తాయి.

రెండోది వెతుకులాట. వర్డ్‌ప్రెస్‌లో ఉండే వెతుకుడు పెట్టె చాలా మొరటుది. ఇచ్చిన అక్షరాల వరుస ఎక్కడైనా యథాతథంగా ఉందా అని మాత్రమే చూస్తుంది. ఇంగ్లిష్ వాళ్లు దీన్ని తిట్టుకుంటారు. విచిత్రంగా తెలుగుకు ఇది కొంత కలిసొస్తుంది. మన మాటలకు విభక్తులు వెనక అతుక్కుంటాయి కదా, "చెరువు" అని వెతికితే చెరువులో, చెరువులు, చెరువుగట్టు అన్నీ దొరుకుతాయి. దీన్ని బాగుచేస్తామంటూ వచ్చే ప్లగిన్లలో కొన్ని మాటను మొత్తంగా పోల్చే పద్ధతి వాడతాయి. అవి పెట్టాక "చెరువు" అంటే ఒట్టి "చెరువు" ఉన్న వ్యాసాలే వస్తాయి. డబ్బిచ్చి కొనుక్కున్న వెనకడుగు ఇది. అయితే మొరటు పద్ధతికీ హద్దులున్నాయి. "ఊరు" అంటే "ఊళ్లు" రాదు. "పుస్తకం" అంటే "పుస్తకాలు" రాదు.

హ్యూగో, జెకిల్ లాంటి ప్రోగ్రాములు డేటాబేసు లేకుండా పేజీలన్నీ ముందే తయారుచేసి పెట్టే స్టాటిక్ సైట్లలో వెతకడానికి లునర్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ ఎక్కువగా కనిపిస్తుంది. దాని మామూలు అమరికలో ప్రతి మాటకూ అటూ ఇటూ ఉన్న "అక్షరాలు కానివాటిని" కత్తిరించే మెట్టు ఒకటుంది. అక్షరాలంటే దాని లెక్కలో రోమన్ అక్షరాలే. తెలుగు మాట మొత్తం "అక్షరం కానిది" కాబట్టి ఏమీ మిగలకుండా పోతుంది. సైటంతా తెలుగులో ఉన్నా ఏం వెతికినా ఫలితాలు సున్నా అని వస్తుంటే కారణం తరచూ ఇదే. ఘోస్ట్ సొంత వెతుకుడు పెట్టె శీర్షిక, సారాంశం, రచయిత, ట్యాగుల్లోనే చూస్తుంది, వ్యాసం లోపలికి వెళ్లదు. వార్తాలేఖకు అది చాలు. పాత వ్యాసాలే ఆస్తిగా ఉన్న పత్రికకు చాలదు.

కనిపించని ఒక గుర్తు కూడా ఉంది. "సాఫ్ట్‌వేర్" అని వ అక్షరం ఒత్తుగా మారకుండా రాయడానికి మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు వస్తుంది. కొన్ని కీబోర్డులు దాన్ని వేస్తాయి, కొన్ని వేయవు. దాంతో ఒకే మాట రెండు రకాలుగా సైటులో చేరుతుంది. ఒకదానితో వెతికితే రెండోది చాలాచోట్ల దొరకదు. దీన్ని సీఎంఎస్‌లు తమంతట తాము పట్టించుకోవు. కనీసం శీర్షికల్లో, ట్యాగుల్లో ఒకే పద్ధతి పాటించాలి.

మూడోది కనిపించే తీరు, అంటే థీమ్. ఇంగ్లిష్ కోసం గీసిన థీమ్‌లలో పంక్తుల మధ్య ఎడం తక్కువ. పైన గుడి, కింద ఒత్తు ఉన్న తెలుగు పంక్తులు అందులో ఒకదాన్నొకటి రాసుకుంటాయి. "స్త్రీ", "రాష్ట్రం" ఉన్న శీర్షిక రెండు పంక్తుల్లోకి వచ్చినప్పుడు చూస్తే చాలు, థీమ్ పనికొస్తుందో లేదో తేలిపోతుంది. అక్షరాల మధ్య ఎడాన్ని కుదించే థీమ్‌లు, మొదటి అక్షరాన్ని పెద్దది చేసి చూపించేవి, ఉటంకింపులన్నీ వాల్చి చూపించేవి మనకు కుదరవు. తెలుగులో వాలు అక్షరాల సంప్రదాయం లేదు, బ్రౌజరు మామూలు అక్షరాన్నే పక్కకు ఒంచి చూపిస్తుంది. సారాంశాన్ని బైట్ల లెక్కన కోసే థీమ్‌లైతే చివర్లో చదరపు డబ్బా ఒకటి మిగులుస్తాయి. ఫాంట్లకు మాత్రం ఇప్పుడు కొదవ లేదు. మండలి, సూరన్న, రామభద్ర, నోటో సెరిఫ్ తెలుగు, తిరో తెలుగు అన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. రెండుకు మించి పెట్టకుండా ఉంటే పల్లెలో ఫోన్ మీద చదివేవాళ్లకు సైటు త్వరగా తెరుచుకుంటుంది.

ఇక అను ఫాంట్ల సంగతి. డీటీపీ సెంటర్లలో, అచ్చు పత్రికల్లో ఏళ్లతరబడి టైపైన సరుకంతా యూనికోడ్ కాదు. ఆ ఫాంటు పెడితేనే తెలుగులా కనిపిస్తుంది, కింద ఉన్నవి రోమన్ గుర్తులే. మార్పిడి పరికరాలున్నాయి గానీ అరుదైన ఒత్తుల దగ్గర తడబడతాయి, ప్రూఫు చూడక తప్పదు. ఈ పనంతా సీఎంఎస్ గుమ్మం దాటకముందే ముగియాలి. తర్వాత చూద్దాంలే అని పీడీఎఫ్‌గానో బొమ్మగానో పెట్టేసిన వ్యాసం సైటులో ఉన్నా లేనట్టే.

పబ్లిష్ నొక్కేది ఎవరు

చాలా తెలుగు వ్యాసాల సైట్లు ఇద్దరు ముగ్గురు ఉద్యోగస్తులు రాత్రిపూట, ఆదివారాలు కూర్చుని నడిపేవి. వాళ్లలో ఒకరికి కోడు తెలుస్తుంది. మిగతావాళ్లకు భాష తెలుస్తుంది. ఎంపిక చేసేది సాధారణంగా కోడు తెలిసిన మనిషి. ఆయనకు హ్యూగో నచ్చుతుంది. 2013లో స్టీవ్ ఫ్రాన్సియా గో భాషలో మొదలుపెట్టిన ఆ ప్రోగ్రాము వేల పేజీలను క్షణాల్లో తయారుచేస్తుంది. డేటాబేసు లేదు, హ్యాక్ చేయడానికి లాగిన్ పేజీ లేదు, హోస్టింగ్ ఖర్చు దాదాపు ఉండదు. వ్యాసాలన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా చేతిలో ఉంటాయి, బయటికొచ్చే దారికి దీన్ని మించింది లేదు. అన్నీ నిజమే. కానీ సంపాదకురాలు ఒక అచ్చుతప్పు దిద్దాలంటే ఫైళ్లలో మార్పులు నమోదుచేసే గిట్ అనే పరికరం నేర్చుకోవాలి, లేదా ఆయనకు ఫోన్ చేయాలి. ఆయన ఆఫీసులో రిలీజ్ టెన్షన్‌లో ఉంటే ఆ తప్పు వారం రోజులు అలాగే ఉంటుంది. డికాప్ వంటి ఎడిటర్‌ను పైన తగిలించి కొంత సర్దుకోవచ్చు గానీ, తగిలించేది, మరమ్మతు చేసేది మళ్లీ ఆయనే.

అందుకే బృందంలో రోజూ వాడేవాళ్లలో సాంకేతికంగా అందరికంటే వెనకబడినవారికి డెమో ఇచ్చి చూడటమే అసలు పరీక్ష. వర్డ్ ఫైలును అతికించడం, బొమ్మ పెట్టడం, ఫుట్‌నోటు చేర్చడం, ప్రచురించాక ఒక మాట మార్చడం. ఈ నాలుగూ ఎవరి సాయం లేకుండా చేయగలిగితే ఆ సీఎంఎస్ పనికొస్తుంది. వర్డ్‌ప్రెస్‌లో 2018 డిసెంబరులో 5.0తో వచ్చిన బ్లాకు ఎడిటర్ మీద పాతవాళ్లకు ఇప్పటికీ ఫిర్యాదులున్నాయి. 2023 ఆగస్టులో వచ్చిన 6.3లో ఫుట్‌నోట్లు నేరుగా చేరాయి కాబట్టి వ్యాసాలవాళ్లకు మాత్రం అటు మొగ్గడానికి కారణం దొరికింది. వర్డ్ నుంచి అతికించేటప్పుడు అక్కడి ఫుట్‌నోట్లు ఇందులోకి వాటంతటవి మారవని మాత్రం ముందే అనుకోవాలి.

అధికారాల దగ్గర చిన్న మెలిక ఉంది. వర్డ్‌ప్రెస్‌లో "కాంట్రిబ్యూటర్" హోదా ఉన్నవాళ్లు రాసి సమీక్షకు పంపగలరు గానీ బొమ్మలు ఎక్కించలేరు. ఆ పైమెట్టు "ఆథర్" ఇస్తే బొమ్మలు ఎక్కించగలరు, ఎవరినీ అడక్కుండా ప్రచురించేయగలరు కూడా. మధ్యస్థంగా ఏదీ లేదు. బయటి రచయితలకు అసలు లాగిన్లే ఇవ్వకుండా వ్యాసాలు మెయిల్లో తెప్పించుకోవడం చిన్న పత్రికలకు నయం. సైటు భాషను తెలుగుగా పెడితే ప్రతి పేజీ తాను తెలుగునని బ్రౌజర్లకు, చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు చెబుతుంది, అది అవసరం. లోపలి మెనూలు కూడా తెలుగులో వస్తే ఇబ్బందిపడేవాళ్లు తమ ప్రొఫైల్లో ఇంగ్లిష్ పెట్టుకోవచ్చు.

చందాలు కట్టించుకోవాలంటే

జాన్ ఓనొలన్ 2013లో కిక్‌స్టార్టర్ చందాలతో మొదలుపెట్టిన ఘోస్ట్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. రాయడానికి ఇంత శుభ్రమైన తెర మరోదానిలో లేదు. సభ్యత్వాలు, ఈమెయిలు వార్తాలేఖ అందులోనే ఉంటాయి. కానీ డబ్బు వసూలు మొత్తం స్ట్రైప్ అనే చెల్లింపుల కంపెనీ మీద నడుస్తుంది. స్ట్రైప్ 2024 నుంచి భారత్‌లో కొత్త ఖాతాలు ఆహ్వానం ఉన్నవాళ్లకే ఇస్తోంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో నమోదైన తెలుగు సంస్థకు ఇది సమస్యే కాదు. విజయవాడలోనో హైదరాబాద్‌లోనో ఉండి పాఠకుల చందాతో పత్రిక నడపాలనుకునేవాళ్లకు మాత్రం ఇక్కడే బండి ఆగిపోతుంది. పైగా మన పాఠకుడు చందా కట్టేది ఫోన్‌పేలోనో గూగుల్‌పేలోనో. కార్డు మీద నెలనెలా కోత పెట్టడానికి రిజర్వ్ బ్యాంకు 2021 అక్టోబరు నుంచి అమలుచేస్తున్న నిబంధనలు ఒకపక్క ఉండనే ఉన్నాయి. యూపీఐ కావాలంటే రేజర్‌పే లాంటి చెల్లింపుల గేట్‌వే తగిలించుకోగల వర్డ్‌ప్రెస్, ద్రూపల్ లాంటివే గతి. నెలనెలా కాకుండా ఏడాదికొకసారి చందా కట్టించుకుంటే ఇద్దరికీ తలనొప్పి తగ్గుతుంది.

ఘోస్ట్‌ను సొంత సర్వర్లో పెట్టుకుంటే ఉచితమే, కానీ ఒకే సర్వరును చాలా సైట్లు పంచుకునే మామూలు షేర్డ్ హోస్టింగ్‌లో నడవదు. నోడ్ అనే ప్రోగ్రాము, మైఎస్‌క్యూఎల్ 8 డేటాబేసు ఉన్న సొంత వర్చువల్ సర్వరు కావాలి, వార్తాలేఖ పంపడానికి మెయిల్‌గన్ అనే ఈమెయిలు సేవలో ఖాతా కావాలి.

తేల్చి చెప్పాలంటే

నలుగురైదుగురు నడిపే, నెలకు పది ఇరవై వ్యాసాలు వేసే తెలుగు సైటుకు వర్డ్‌ప్రెస్ సరిపోతుంది. అది గొప్పదని కాదు. ప్రపంచంలోని సైట్లలో 40 శాతానికి పైగా దాని మీదే ఉన్నాయి కాబట్టి, మధ్యలో పని వదిలేసి వెళ్లిన మనిషి స్థానంలో గుంటూరులోనైనా వరంగల్‌లోనైనా ఇంకొకరు దొరుకుతారు. దాన్ని పాడుచేసేది అదనపు సరుకే. ప్లగిన్లు పది దాటకుండా చూసుకోవాలి. డబ్బు కట్టాల్సిన థీమ్‌ల దొంగ కాపీలను దగ్గరికి రానివ్వకూడదు, సైట్లలోకి మాల్వేర్ చేరే దారుల్లో అదొకటి.

తెలుగు, ఇంగ్లిష్ రెండు భాషల్లో ప్రతి వ్యాసమూ ఉండాలన్నా, వేల పాత వ్యాసాలను సంచిక, రచయిత, విషయం వారీగా తిరగేసేలా పెట్టాలన్నా ద్రూపల్ గురించి ఆలోచించాలి. బహుభాషా ఏర్పాటు 2015లో వచ్చిన 8వ వెర్షన్ నుంచి అందులో అంతర్భాగం, వర్డ్‌ప్రెస్‌లో దానికి విడిగా ప్లగిన్ కావాలి. దానికి కట్టాల్సిన మూల్యం కూడా తెలిసి ఉండాలి. ద్రూపల్ 7 నుంచి 8కి వెళ్లడమంటే సైటును దాదాపు మళ్లీ కట్టుకోవడమే అయింది. అందుకే 7వ వెర్షన్‌కు 2021 నవంబరులో మంగళం పాడాలనుకున్నా వాయిదాల మీద వాయిదాలు పడి 2025 జనవరి 5న గానీ ముగియలేదు. జీతానికి డెవలపర్ లేని పత్రిక దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది. 2005లో మాంబో అనే సీఎంఎస్ నుంచి విడిపోయి వచ్చిన జూమ్లా రెండిటికీ మధ్యలో ఉంటుంది. ఇప్పటికే దాన్ని నడుపుతున్నవాళ్లు కొనసాగవచ్చు, కొత్తగా ఎంచుకోవడానికి బలమైన కారణం కనిపించదు. తెలుగు వికీపీడియా నడిచే మీడియావికీ సంతకం ఉన్న వ్యాసాల కోసం చేసింది కాదు. బ్లాగర్ మొదటి ఆరు నెలల ప్రయోగానికి పనికొస్తుంది. సొంత డొమైన్ తగిలించి మొదలుపెడితే తర్వాత తరలివెళ్లడమూ కుదురుతుంది.

దిగేముందు చేయాల్సిన పరీక్ష

వర్డ్‌ప్రెస్‌కు మారితే ఇక నిశ్చింత అనుకున్నవాళ్లకు 2024 సెప్టెంబరులో కళ్లు తెరుచుకున్నాయి. మల్లెన్‌వెగ్‌కు, డబ్ల్యూపీ ఇంజిన్ అనే హోస్టింగ్ కంపెనీకి గొడవ ముదిరి, ఆ కంపెనీ దగ్గర ఉన్న సైట్లకు వర్డ్‌ప్రెస్ కేంద్ర సర్వర్ల నుంచి ప్లగిన్ అప్‌డేట్లు అందకుండా మల్లెన్‌వెగ్ ఆపేశారు. అక్టోబరులో ఆ కంపెనీకి చెందిన, విపరీతంగా వాడుకలో ఉన్న అడ్వాన్స్‌డ్ కస్టమ్ ఫీల్డ్స్ ప్లగిన్ స్థానాన్నే వేరే పేరుతో ఆక్రమించారు. డిసెంబరులో కాలిఫోర్నియా కోర్టు జోక్యం చేసుకుని యథాస్థితికి తెమ్మని ఉత్తర్వు ఇచ్చింది. ఓపెన్ సోర్స్ లైసెన్సు కోడును కాపాడుతుంది, అప్‌డేట్లు వచ్చే గొట్టాన్ని కాపాడదు. ఇరవై ఏళ్ల క్రితం మూవబుల్ టైప్ నుంచి పారిపోయి వచ్చినవాళ్లు ఆశ్రయం పొందిన చోటే ఇది జరిగిందని గుర్తుంచుకోవాలి.

కాబట్టి సైటు మొదలుపెట్టేముందే ఓ పది వ్యాసాలు, కవిత ఉన్నదొకటి, పట్టిక ఉన్నదొకటి, ఫుట్‌నోట్లున్నదొకటి ఉండేలా చూసి ఎక్కించాలి. వాటిని ఎగుమతి చేసి మరో ఖాళీ సైటులోకి దించి చూడాలి. ఏం పోయిందో అప్పుడే తెలుస్తుంది. వర్డ్‌ప్రెస్ ఇచ్చే ఎగుమతి ఫైల్లో బొమ్మలు ఉండవు, వాటి చిరునామాలే ఉంటాయి. కొత్త సైటు ఆ బొమ్మలను పాత సైటు నుంచి లాక్కోవాలి. పాతది ముందే మూసేస్తే బొమ్మలన్నీ పోయినట్టే. ఘోస్ట్ ఎగుమతిలోనూ బొమ్మలు రావు. పేజీని లాగి వదిలి అమర్చుకునే పేజీ బిల్డర్లు అనే ప్లగిన్లతో కట్టిన సైటుదైతే ఇంకా కష్టం. డబ్ల్యూపీ బేకరీ వంటిదాన్ని ఆపేసిన మరుక్షణం ప్రతి వ్యాసంలోనూ చదరపు కుండలీకరణాల మధ్య దాని షార్ట్‌కోడ్లు బయటపడతాయి, వాటి మధ్య మన వాక్యాలను ఏరుకోవాలి. వ్యాసాల సైటుకు పేజీ బిల్డర్ అక్కర్లేదు. హోమ్ పేజీ ఒక్కటి బాగుండాలంటే దాన్ని థీమ్‌లో చేయించుకోవచ్చు.

చివరిగా, ఏ సీఎంఎస్‌కూ సంబంధం లేనిది డొమైన్ పేరు. అది ఎవరి ఖాతాలో, ఎవరి ఈమెయిలు మీద నమోదైందో బృందంలో కనీసం ఇద్దరికి తెలిసి ఉండాలి. సైటు కట్టిపెట్టిన మిత్రుడి పేరు మీద ఉండిపోయి, ఆయన ఉద్యోగం మారి ఆ పాత మెయిలు చూడటం మానేస్తే, రెన్యువల్ హెచ్చరికలు ఎవరికీ చేరవు. డాట్ కామ్ పేరు గడువు ముగిశాక రిజిస్ట్రారును బట్టి గరిష్ఠంగా 45 రోజుల వెసులుబాటు ఉంటుంది, ఆ తర్వాత అదనపు రుసుము కట్టి విడిపించుకోవడానికి ఇంకో 30 రోజులు. అదీ దాటితే పేరు రద్దయి, ముందుగా అందుకున్నవాళ్లది అవుతుంది.